మన రచయితల్లో ఒకరిని డిటెక్టివ్‌గా పెట్టి నవల రాస్తే ఎవరైతే నప్పుతారు?

ఏకశిల నీడ (ఖిలా వరంగల్)
అందరికీ నమస్తే. దసరా సెలవుల్లో రజా మీర్ రాసిన 'మర్డర్ ఎట్ ద ముషాయిరా' చదివిన. 1857 ఢిల్లీ, సిపాయిల తిరుగుబాటు రాజుకుంటున్న రోజులు. ముషాయిరా, అంటే కవుల సభ, జరిగిన హవేలీలో ఒక కవి హత్యకు గురవుతాడు. దర్యాప్తు చేసేది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ మిర్జా గాలిబ్. అప్పులు, షరాబు, షాయరీ అన్నీ ఉంటాయి, నడుమ హత్య కేసు. రెండు రాత్రుల్లో అయిపోగొట్టిన.

అప్పటినుంచి ఒకటే పురుగు తొలుస్తున్నది. మన దగ్గర ఇట్లాంటి నవల ఎందుకు లేదు? కోట ఉంది, శాసనాలున్నాయి, రజాకార్ల కాలం ఉంది. కవులకు కొదవ లేదు. రాద్దామని కూర్చున్న, మొదటి పేజీ దగ్గరే ఆగిపోయిన. ఎవరిని పెట్టాలి? వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ వాళ్లయితే మంచిది. పేరు చెప్పి ఊరుకోకండి, ఆ మనిషి కేసు ఎట్లా ఛేదిస్తాడో కూడా చెప్పండి.

షాడో ఫ్యాన్ 78 (హన్మకొండ)
తమ్మీ, అసలు రచయిత ఎందుకు? మా చిన్నప్పుడు చౌరస్తా దగ్గర అద్దె పుస్తకాల షాపుండేది. రోజుకు అర్ధరూపాయి. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు చాలు మాకు. యుగంధర్ ఎప్పుడైనా పద్యం రాసిండా? డిటెక్టివ్ అంటే కారు నడపాలి, పిస్తోలు పట్టాలి. గాలిబ్ చేతిలో పిస్తోలు ఏం బాగుంటది చెప్పు.

మట్టెవాడ పాఠకురాలు
అన్నా, పిస్తోలు లేకపోవడంలోనే ఉంది మజా. ఈ రకం నవలలు ఇంగ్లీషులో చాలా ఏళ్లుగా వస్తున్నాయి. 1940లలోనే లిలియన్ డి లా టోర్ అనే ఆవిడ డాక్టర్ జాన్సన్‌ను డిటెక్టివ్ చేసి కథలు రాసింది. నిఘంటువు రాసిన జాన్సనే. ఆయన వెంట తిరిగి జీవిత చరిత్ర రాసిన బాస్వెల్ కథ చెబుతాడు. అంటే హోమ్స్ కథ చెప్పే వాట్సన్ లాంటి తోడును కొత్తగా పుట్టించే పని లేదు, చరిత్రే ఇచ్చేసింది. తర్వాత స్టెఫనీ బారన్ 1996 నుంచి జేన్ ఆస్టిన్‌తో ఒక సిరీస్ రాసింది. పెళ్లికాని ఆడమనిషి ఒక మూల కూర్చుని ఉత్తరం రాసుకుంటుంటే ఎవరు పట్టించుకుంటారు? అందరూ ఆమె ముందే అన్నీ మాట్లాడేస్తారు. అదే ఆమె ఆయుధం.

నిజ జీవితంలోనూ జరిగింది. షెర్లాక్ హోమ్స్‌ను పుట్టించిన కానన్ డాయిల్ 1907లో జార్జ్ ఎడాల్జీ కేసు తిరగదోడాడు. పశువులను రాత్రిపూట కోసి చంపాడని ఆ లాయరుకు 1903లో శిక్ష పడింది. డాయిల్ ఒక హోటల్లో అతన్ని కలవడానికి వెళ్లేసరికి ఎడాల్జీ పేపరును ముఖానికి ఆనించుకుని చదువుతున్నాడట. డాయిల్ కంటి వైద్యం చదివినవాడు. ఈ చూపుతో చీకట్లో పొలాలు దాటి పశువు దగ్గరికి ఎట్లా పోతాడని అక్కడే అనుమానం వచ్చింది.

కాబట్టి నీడ గారూ, ఎవరు గొప్ప కవి అని వెతక్కండి. ఎవరి ముందు జనం నోరు విప్పుతారో చూడండి.

అడ్వకేట్ హన్మకొండ
ఇంత ఆలోచన దేనికి? కాళోజీ. ఇంకో పేరు చెప్పినవాళ్లు చాయ్ బిల్లు కట్టాలె.

ఆయన వకీలు. తండ్రి వైపు మరాఠీ, తల్లి వైపు కన్నడ, ఊళ్లో తెలుగు, కోర్టులో ఉర్దూ. సాక్షి ఏ భాషలో అబద్ధమాడినా దొరికిపోతాడు. 1946లో కోటలో జెండా ఎగరేసినందుకు బత్తిని మొగులయ్యను చంపితే, నిజాం ప్రధాని మీర్జా ఇస్మాయిల్ వరంగల్ వచ్చినప్పుడు కవిత రాసి నిలదీసిన మనిషి. నగర బహిష్కరణ కూడా అనుభవించిండు. ఆ బహిష్కరణే నవలకు మంచి ముడి. హత్య జరిగింది ఊళ్లో, డిటెక్టివ్‌కు ఊళ్లో అడుగుపెట్టే వీలు లేదు. ఎట్లా? అన్న రామేశ్వరరావు ఉన్నాడు కదా. ఆయన కూడా వకీలే, 'షాద్' పేరుతో ఉర్దూ కవి. లోపలి నుంచి ఆయన కబురు మోస్తాడు, బయట తమ్ముడు ముడి విప్పుతాడు.

క్లూ కూడా నేనే ఇస్తా. నిజాం రోజుల్లో పంచనామా ఉర్దూలో రాసేది. ఉర్దూలో 'దుఆ'కు 'దగా'కు తేడా ఒక్క చుక్క. 'మహ్రమ్' అంటే ఆప్తుడు, చుక్క పడితే 'ముజ్రిమ్', నేరస్థుడు. దీనిమీద పాత షేర్ ఒకటి కోర్టుల్లో ఇప్పటికీ పెద్దవాళ్లు చెప్తరు. చచ్చిపోయినాయన జేబులో చీటీ దొరికింది. పోలీసు అమీన్ దాన్ని 'దగా' అని చదివి ఒక అమాయకుణ్ని లోపలేసిండు. చీటీ చూసిన షాద్ అంటడు, తమ్మీ ఇది చుక్క కాదు, ఈగ రెట్ట!

కాజీపేట జంక్షన్
ఈగ రెట్టకు కేసు కొట్టేసిన్రా 😂 అడ్వకేట్ సార్, ఆ చాయ్ బిల్లు నేనే కడతా.

రిటైర్డ్ తెలుగు సారు (భీమారం)
చుక్క సంగతి బాగుంది. కానీ కాళోజీ డిటెక్టివ్‌గా పనికిరాడు. ఎందుకంటే డిటెక్టివ్ అన్నవాడు అనుమానాన్ని ఆఖరి అధ్యాయం దాకా కడుపులో దాచుకోవాలి. కాళోజీకి దాచుకోవడం తెలియదు. కోపం వస్తే అక్కడే తిట్టేవాడు, దుఃఖం వస్తే సభలోనే కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. కవితలన్నిటికీ 'నా గొడవ' అని పేరు పెట్టుకున్నాడు. మూడో అధ్యాయంలోనే హంతకుడి ఇంటి ముందు నిలబడి "నువ్వే చంపినవ్" అంటాడు. మిగతా ఇరవై అధ్యాయాలు ఏం రాస్తారు?

రెండోది, ఆయన పోయింది 2002లో. ఆయనతో కలిసి చాయ్ తాగినవాళ్లు ఈ ఊళ్లో ఇంకా ఉన్నారు. మీరు ఒక్క మాట తప్పుగా పలికించినా రేపు పుస్తకావిష్కరణ సభలో ముందు వరుసలోంచి ఒకాయన లేచి "కాళోజీ అట్లనడు" అంటాడు. ఆయన అన్నది నిజమే అవుతుంది కూడా. గాలిబ్‌కు ఆ ఇబ్బంది లేదు. 1869లో పోయాడు.

అడ్వకేట్ హన్మకొండ
సారు, మూడో అధ్యాయంలో చెప్పేసినా రుజువు కావాలె కదా. హంతకుడు ఎవరో అందరికీ తెల్సు, కోర్టులో నిలబెట్టుడే కష్టం. అట్ల రాయొచ్చు. నేను వెనక్కి తగ్గను.

పాలకుర్తి రోడ్డు
ఆధునికులను వదలండి. పోతనను పట్టుకోండి. లేదా పోతన పోయిన తర్వాతి కాలం. భాగవతంలో 5వ స్కంధం గంగనది, 6వది సింగనది, 11, 12 వెలిగందల నారయవి. మరి పోతన రాసిన ఆ భాగాలు ఏమైనట్టు? సర్వజ్ఞ సింగభూపాలుడు తనకు అంకితం ఇవ్వలేదని పాతిపెట్టించాడని ఒక కథ, చెదలు తినేసినయని ఇంకో కథ. హత్య కూడా అక్కర్లేదు. తాటాకు కట్ట మాయం, డిటెక్టివ్ శిష్యుడు నారయ. బమ్మెర పొలాల్లో ఒక్కొక్క రైతునూ అడుగుతూ పోతాడు. చివరికి దొరికిన ఆకుల్లో కొన్ని గురువు రాతలో లేవని గుర్తుపడతాడు. అంటే ఎవరో మధ్యలో తమ పద్యాలు చేర్చారు. దొంగ కన్నా ప్రమాదకరమైనవాడు ఈ చేర్చినవాడు.

ఒంటిమిట్ట నుంచి వరంగల్ కోడలు
బమ్మెర పొలాలు అని ఎవరు చెప్పారండీ? మా ఒంటిమిట్టలో

పాలకుర్తి రోడ్డు
వచ్చిన్రు!! ఎప్పుడూ ఇదే. అక్కా, 'ఏకశిలానగరం' అంటే ఓరుగల్లు కాదా...

నిర్వాహకుడు
పోతనది బమ్మెరా ఒంటిమిట్టా అనే గొడవకు ఇదివరకే నాలుగు దారాలున్నాయి, నాలుగూ మూసేశాను. తర్వాత వచ్చిన పన్నెండు సందేశాలు తీసేశాను. దయచేసి డిటెక్టివ్ దగ్గరికి రండి.

రిటైర్డ్ తెలుగు సారు (భీమారం)
నిర్వాహకుల వారు తీసేసిన పన్నెండులో రెండు నావి, క్షమించాలి. తెలుగు మాష్టార్లకు అదొక జబ్బు.

అసలు మాటకు వస్తాను. జంట డిటెక్టివ్‌లు కావాలంటే మన ఓరుగల్లులో ఆరువందల ఏళ్లకు పైగా తిరుగుతూనే ఉన్నారు. క్రీడాభిరామం అనే పాత తెలుగు కావ్యం చదివారా ఎవరైనా? గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి. ఒకడు బాపడు, ఒకడు కోమటి. ఒక్క రోజు, పొద్దున్నుంచి ఊరంతా తిరుగుతారు. సంత చూస్తారు, పొట్టేళ్ల పందెం చూస్తారు, కోడిపందెం చూస్తారు, పల్నాటి వీరుల కథ పాడే ఆవిడ ముందు నిలబడతారు. పూటకూళ్లింటికి పోతారు. లక్ష్మణవజ్ఝల ఇంట్లో ఒక రూకకు ఏమేం పెడతారో కవి ఒక పద్యంలో వరస పెట్టాడు. 'కప్పురభోగి వంటకము'తో మొదలవుతుంది, నోరూరకుండా ఎవరూ చదవలేరు. ప్రతాపరుద్రుడి ప్రియురాలు మాచలదేవి చిత్రశాల గృహప్రవేశం కూడా ఆరోజే.

ఇప్పుడు ఆలోచించండి. ఒక్క రోజు, ఒక్క నగరం, ప్రతి వీధిలోకి పోయే ఇద్దరు పనిలేని మనుషులు. కంటికి కనబడ్డదల్లా ఒకడికొకడు చెప్పుకోవడమే వాళ్ల పని. పొద్దున సంతలో చూసిన మనిషి మధ్యాహ్నం పూటకూళ్లింట్లో వేరే పేరుతో కూర్చుంటాడు, సాయంత్రం చిత్రశాల వెనక శవమై పడి ఉంటాడు. మంచనశర్మకు గుర్తొస్తుంది, సంతలో వాడి నుదుట విభూతి, పూటకూళ్లింట్లో నామం. రూక ఇచ్చింది ఎడమ చేత్తో. సెట్టి కదా, చేతిలోకి వచ్చిన నాణెం ఏ రాజ్యానిదో తడిమి చెప్పగలడు. ఆ రూక ఓరుగల్లుది కాదు.

పైగా ఈ పుస్తకం చుట్టూ ఇంకో మిస్టరీ ఉంది. మానవల్లి రామకృష్ణకవిగారు 1909లో అచ్చు వేసిన దగ్గర్నుంచి, ఇది వినుకొండ వల్లభరాయుడిదా శ్రీనాథుడిదా అని పండితులు కొట్టుకుంటూనే ఉన్నారు. రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత ప్రేమాభిరామానికి అనుసరణ అంటారు. ఆ మూలం దొరకలేదు. రచయితే అనుమానితుడిగా ఉన్న పుస్తకం ఇది. ఇంతకన్నా మంచి ముడిసరుకు ఎక్కడ దొరుకుతుంది?

మట్టెవాడ పాఠకురాలు
సారూ, ఇది నాకు తెగ నచ్చేసింది. ఆ నగరం మీద 1323 పొంచి ఉందని చదివేవాళ్లకు తెలుసు, ఆ ఇద్దరికీ తెలియదు. ఢిల్లీ సైన్యంతో ఉలుగ్ ఖాన్ వస్తాడు, ఓరుగల్లు పడిపోతుంది, ప్రతాపరుద్రుణ్ని ఢిల్లీకి తీసుకుపోతుంటే నర్మద ఒడ్డున ప్రాణం పోయిందని విలస శాసనం. అంటే పరాయి రూక ఇచ్చినవాడు గూఢచారి కావచ్చు. హంతకుడు దొరికినా దొరక్కపోయినా ఊరు పోతుంది.

ఒక్కటే భయం. వాళ్లు ఏ తెలుగు మాట్లాడాలి? గ్రాంథికం రాస్తే ఎవరూ చదవరు. నేటి మాట రాస్తే "ఏందిరా భయ్" అంటున్న మంచనశర్మను నేను భరించలేను.

ఏకశిల నీడ
సారూ, రెండ్రోజుల్నుంచి ఇదే రాస్తున్న. భాష దగ్గరే దెబ్బతిన్న. ఇంకో చిక్కు కూడా వచ్చింది. నేను అడిగింది రచయిత డిటెక్టివ్. మంచనశర్మ పాత్ర కదా, కవి కాదు. నిజంగా బతికిన మనిషి అయితేనే గాలిబ్ నవల చదువుతుంటే కలిగిన ఆ ఒణుకు వస్తుంది. 'ఈ రాత్రి ఇంటికి పోయి ఆ గజల్ రాసి ఉంటాడు' అనిపించాలి.

మానేరు గాలి (కరీంనగర్)
నిజంగా బతికిన మనిషి కావాలంటే మా ఊరికి రండి. విశ్వనాథ సత్యనారాయణ కరీంనగర్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా ఉన్నారు, 1959 ప్రాంతంలో. కాలేజీలో హత్య. ప్రిన్సిపాల్ దర్యాప్తు. ఆయన నవలలు చాలా వరకు చెబుతుంటే వేరేవాళ్లు రాసుకునేవారు కదా, ఆ రాసుకునే కుర్రాడే వాట్సన్. ఒకవైపు నవల డిక్టేషన్, మధ్యమధ్యలో "అటెండరును పిలువు, ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో అడుగు". కుర్రాడు పొరపాటున ఆ తాళంచెవి మాట కూడా నవల్లో రాసేస్తాడు.

కాజీపేట జంక్షన్
హంతకుడి పేరు చెప్పేముందు నలభై పేజీలు ధర్మం గురించి చెప్తరు. ఈలోగా హంతకుడే విసిగి ఒప్పుకుంటడు.

ఆదిలాబాద్ చలి
మేమూ ఉన్నాం ఇక్కడ. సామల సదాశివ. ఉర్దూ, తెలుగు, హిందుస్తానీ సంగీతం. ఒక మెహఫిల్‌లో గాయకుడు ఒక స్వరం తప్పుతాడు, ఎందుకు తప్పాడో సదాశివ గారికొక్కరికే అర్థమవుతుంది. అంతే, దీనిమీద ఇంకేం ఆలోచించలేదు.

ఇందూరు బిడ్డ (నిజామాబాద్)
ఆలస్యంగా వచ్చిన, మొత్తం చదివిన. మట్టెవాడ అక్క మొదట్లోనే అసలు మాట చెప్పింది, మీరందరూ దాన్ని దాటిపోయిన్రు. ఎవరి ముందు జనం నోరు విప్పుతారు? గొప్ప కవుల ముందు విప్పరు. చేతులు కట్టుకుని నిలబడతారు.

నా మనిషి వట్టికోట ఆళ్వారుస్వామి. చిన్నప్పుడు ఇళ్లల్లో వంట చేసిండు, హోటల్లో సర్వర్‌గా పనిచేసిండు, ప్రెస్సులో ప్రూఫులు దిద్దిండు. తర్వాత దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు భుజాన మోసుకుని ఊరూరా ఇల్లిల్లూ తిరిగి అమ్మిండు. వంటింట్లోకి పోగలిగినవాడు, దొర గడీ ముందు నిలబడగలిగినవాడు, అచ్చులో ఒత్తు తిరగబడితే ఇంత దూరం నుంచి పట్టేసేవాడు. 'ప్రజల మనిషి' అని నవలకు పేరు పెట్టుకున్నడు కానీ ఆ పేరు ఆయనకే సరిపోతది.

ఇంక స్థలం. 1948, మా ఇందూరు ఖిల్లా జైలు. అందులో ఆళ్వారుస్వామికి ముప్పై రెండేండ్లు, పక్కనే ఇరవై రెండేండ్ల దాశరథి. మీ మహబూబాబాద్ దిక్కు చిన్నగూడూరు ఆయనే. పండ్లు తోముకోనికి ఇచ్చిన బొగ్గుతో గోడ మీద పద్యం రాసేవాడని మా దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు. తర్వాత 'అగ్నిధార'ను ఆళ్వారుస్వామికే అంకితమిచ్చిండు. ఇంకేం కావాలె, వాట్సన్ కూడా దొరికిండు.

కథ వినండి. సాయంత్రం గిన్తీ, అంటే ఖైదీల లెక్క, అయింది, బరాక్‌కు తాళం పడ్డది. తెల్లారేసరికి ఒక ఖైదీ చచ్చి ఉన్నడు. తాళం తాళంలాగే ఉంది. జమేదార్ గుండె ఆగి చచ్చిండని రాసేసుకుంటడు. అదే రాత్రి గోడ మీది దాశరథి పద్యాన్ని ఎవరో తుడిచేసిన్రు. జైలర్ తుడిపించిండని అందరూ అనుకుంటరు. దాశరథి ఉడికిపోతడు, కుర్రతనం కదా. ఆళ్వారుస్వామి మాత్రం గోడ దగ్గర కూర్చుని చాలాసేపు చూస్తడు. జైలర్ తుడిపిస్తే సున్నం వేయిస్తడు, లేకుంటే పద్యం మొత్తం తుడిపిస్తడు. ఇది ఒక మూల, మోకాలెత్తున మాత్రమే బాగా రుద్ది ఉంది, పైన ఊరికే చేయి రాసినట్టున్నది. అంటే తుడిచినవాడికి పద్యంతో పని లేదు. ఆ మూల ఇంకేదో ఉంది. చచ్చేవాడు కిందపడి రాసిన గుర్తు.

బొగ్గు ఎవరి దగ్గర ఎంత మిగిలింది, ఎవరి కంబళికి నల్లటి మరక ఉంది... ఇంక ముందుకు చెప్పను, నీడ భాయ్ రాసుకోవాలె.

షాడో ఫ్యాన్ 78 (హన్మకొండ)
పిస్తోలు లేదు, కారు లేదు, మనిషి గది దాటి బయటకే పోడు. అయినా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నయి. ఒప్పుకున్న.

అడ్వకేట్ హన్మకొండ
కాళోజీని ములాఖాత్‌కు ఒక్క అధ్యాయంలో తీసుకురండి. నా మాట దక్కుతది.

రిటైర్డ్ తెలుగు సారు (భీమారం)
'జైలు లోపల' అని ఆళ్వారుస్వామి కథలే ఉన్నాయి. తోటి ఖైదీలు ఎందుకు నేరం చేశారో కూర్చుని విన్నవాడు రాసిన కథలు. డిటెక్టివ్ ఎవరు చేశారు అని అడుగుతాడు. ఆయన ఎందుకు చేశావు అని అడిగాడు. నీడ, ముందు అవి చదువు. ఆయన మాట తీరు నీకు అక్కడ దొరుకుతుంది. ఒక జాగ్రత్త. అప్పటి ఖైదీల్లో నిజంగా ఉన్నవాళ్ల పేర్లు హంతకుడికి పెట్టకు. వాళ్ల మనవలు ఉంటారు.

మట్టెవాడ పాఠకురాలు
భాష చిక్కు కూడా పోయింది చూశారా. 1948లో బరాక్‌లో అందరూ మనలాగే మాట్లాడతారు. మంచనశర్మ గారికి సెలవు. సారు మనసు నొచ్చుకోకూడదు.

రిటైర్డ్ తెలుగు సారు (భీమారం)
నొచ్చుకున్నాను. అయినా మంచనశర్మను నేనే రాసుకుంటాను, గ్రాంథికంలోనే.

ఏకశిల నీడ
రాత్రి మొదటి పేజీ రాసిన. దాశరథి చెబుతున్నట్టే ఉంది. "ఆ రోజు నాకు బొగ్గు ఇవ్వలేదు" అని మొదలవుతది. హన్మకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయానికి పోయి 'జైలు లోపల' అడిగి వస్త. వచ్చే ఆదివారం ఇందూరు వస్తున్న, ఖిల్లా చూడాలె. బిడ్డా, నువ్వు ఊళ్లోనే ఉంటవా? ఇంకో సంగతి, దీనిమీదే ప్లాటంతా ఆధారపడి ఉంది. 1948లో ఆ బరాక్‌లో రాత్రిపూట లాంతరు ఉండేనా, కరెంటు బల్బు ఉండేనా? చీకట్లో అయితే గోడ తుడిచినవాడు తడుముకుంటూ తుడవాలె.

ఇందూరు బిడ్డ (నిజామాబాద్)
ఊళ్లోనే ఉంట. బస్టాండుకు వస్త, ఫోన్ చెయ్. బల్బు సంగతి మా తాతను అడుగుత. ఆయన అప్పట్లో ఖిల్లా కింద పాలు పోసేటోడు. ఇప్పుడు పడుకున్నడు, లేచినంక అడిగి చెప్త.